గున్నమ్మ చూసిన ముఖాలు

త్రినాథ్‌కి తన చేతి మీద తనకే విసుగు పుట్టింది.

నరసన్నపేట బజారులో కూర్మాచారి గారి దగ్గర పెన్సిలు చెక్కడంతో మొదలుపెట్టాడు. ముక్కు పక్కన నీడ ఎక్కడ ఆగాలో తెలిసేసరికి అతనికి పెళ్లయి ఒక పిల్ల కూడా పుట్టింది. ఇప్పుడేమో ఫోనులో ఏఐకి నాలుగు మాటలు కొడితే చాలు, ఆ ముక్కూ ఆ నీడా కళ్లముందు దిగిపోతున్నాయి. వంక పెడదామని ఎంత వెతికినా వంక దొరకదు. మొదట్లో చేతికి ఆరేసి వేళ్లు వేసేది, అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వుకోడానికి ఆ వేలు కూడా లేకుండా పోయింది.

కూర్మాచారి గారు చనిపోయినవాళ్ల బొమ్మలు వేస్తారు. ఫోటో ఉంటే ఫోటో చూసి వేస్తారు. ఆ పని చేసేవాళ్లు ఊరికొకరు ఉన్నారు. ఫోటో లేకుండా పోయినవాళ్ల బొమ్మ కావాలంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఈయన దగ్గరికే వస్తారు. ఇంటివాళ్లను అడిగి వేస్తారు.

ఆ అడగడం కూడా ఒక తీరుగా ఉండదు. ముఖం ఎలా ఉండేదని అడగరు. “మీ నాన్న చెప్పులు ఎక్కడ విడిచేవాడు? కోపం వస్తే కూర్చునేవాడా, లేచి వెళ్లిపోయేవాడా?” అని అడుగుతారు. రోజుల తరబడి ఇదే వరస. బొమ్మ కావాలని వస్తే బతుకంతా తవ్వుతాడేమిటని జనం విసుక్కునేవారు. గీస్తున్న కాగితం మీద ఎప్పుడూ ఒక గుడ్డ కప్పి ఉంచేవారు. పూర్తయ్యేదాకా ఎవరినీ చూడనిచ్చేవారు కాదు. పూర్తయ్యాక ఇంటివాళ్లు కాదంటే దిద్దేవారు కాదు, చింపేసేవారు. మళ్లీ కొన్నాళ్లు పోయాక రమ్మనేవారు. ఇదంతా ముసలాయన చాదస్తమని త్రినాథ్ గట్టిగా నమ్మాడు. పైకి అనలేదు, అంతే.

ఒకరోజు ఉండబట్టలేక ఫోను తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు.

“మేష్టారూ, దాచకుండా చెప్పండి. ఈ ఏఐ మనకన్నా బాగా వేస్తుందా?”

కూర్మాచారి గారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

“వేస్తుంది,” అన్నారు.

త్రినాథ్ ఆ మాట ఊహించలేదు. ప్రాణం లేదురా, ఆత్మ లేదురా అంటారని, అప్పుడు తను ఏమేం అనాలో అన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడు.

“అయితే ఇంక మనమెందుకండీ?”

“చూద్దాం,” అని ఆయన బ్లేడు తీసి పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టారు.

త్రినాథ్‌కి ఒళ్లు మండిపోయింది. తన బతుకు బుగ్గిపాలవుతుంటే చూద్దామంటాడేమిటీయన అనుకున్నాడు. డెబ్బై దాటిన మనిషికి చూద్దామంటే సరిపోతుంది, మరి తనో?

ఆ నెలలోనే కూర్మాచారి గారు కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నంలో కూతురింటికి వెళ్లారు. కొట్టు త్రినాథ్ చేతికొచ్చింది. గున్నమ్మ వచ్చింది అప్పుడే.

గున్నమ్మది సముద్రం ఒడ్డున పల్లె. ఎండుచేపలు అమ్ముతుంది. కొడుకు కొత్తగా స్లాబు ఇల్లు కట్టాడు. హాలు గోడకి మామగారు, అత్తగారు, పోయిన మొగుడు, అందరూ పటాలు కట్టించుకుని వరసగా ఉన్నారు. కూతురు నూకాలు లేదు. నూకాలు మెదడువాపు జ్వరంతో పోయినప్పుడు ఆరేళ్లది. ఇప్పటికి ముప్పయ్యేళ్ల పైమాట, కొడుకు అప్పటికి చంటివాడు. ఫోటో తీయించుకునే బతుకులు కావు అప్పుడు.

“దాని మొకం ఎరిగినదాన్ని నానొక్కదాన్నే మిగిలినాను బావూ. నాను పోతే అదీ పోద్ది. నానుండగా గోడమీద పెట్టుకోవాల,” అంది గున్నమ్మ.

మేష్టారు లేరు, నెల పోయాక రమ్మని చెప్పవలసిన మాట. త్రినాథ్ చెప్పలేదు. తన పనితనం చూపించుకునే వేళ వచ్చిందని అతని చేతులు దురద పెట్టాయి. స్టూలు వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, “మొకం ఎలాగుండేదమ్మా?” అని అడిగాడు.

“గుండ్రంగా ఉండీది. నలుపు. కళ్లు పెద్దవి.”

ఫోనులో కొట్టాడు. బొమ్మ వచ్చింది. గున్నమ్మ చూసి పకపకా నవ్వింది.

“ఇదేటి బావూ, ఇది కలెకటేరు కూతురు! నా నూకాలు కాదు.”

రంగు తగ్గించాడు. ఇంకోటి వచ్చింది.

“కాదు.”

బుగ్గలు మార్చాడు. నుదురు చిన్నది చేశాడు. వచ్చిన ప్రతి బొమ్మకీ గున్నమ్మ తడుముకోకుండా, చేపలబేరంలో తలాడించినంత తేలిగ్గా, కాదు, కాదు అంటూ పోయింది. త్రినాథ్‌కి పట్టుదల పెరిగింది. మిషనుకి అలుపు లేదు, విసుగూ లేదు. ఒకటి కాదంటే నాలుగు ఇస్తోంది. నాలుగూ కాదంటే ఇంకో నాలుగు. ఇంతటి ఓపిక ఏ చిత్రకారుడికుంది అని మనసులో మురిసిపోయాడు కూడా.

మధ్యాహ్నం అయ్యేసరికి గున్నమ్మ నవ్వడం మానేసింది. కాదనడానికి కొంచెం ఆలోచిస్తోంది. “కళ్లు ఇలాగే ఉండీవేమో,” అంటోంది. “గడ్డం దీనిది బావుంది, దానికి పెట్టు,” అంటోంది. త్రినాథ్‌కి అది పని దగ్గరపడిందన్న గుర్తుగా కనిపించింది.

చివరికి ఒక బొమ్మ దగ్గర ఆమె చాలాసేపు ఆగింది.

“ఇదే అవుద్ది,” అంది.

ప్రింటు తీసి, చట్రం కట్టించి, కాగితం చుట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని బస్సెక్కింది. త్రినాథ్‌కి ఆ సాయంత్రం కాళ్లు నేలమీద ఆనలేదు. మేష్టారికి నెల పట్టే పని పూట తిరక్కుండా అయిపోయింది. కాగితం చింపలేదు, చెప్పులెక్కడ విడిచేదని అడగలేదు.

కూర్మాచారి గారు నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చిన రోజున, ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోకముందే త్రినాథ్ అంతా చెప్పేశాడు. ఆయన మెచ్చుకోరని తెలుసు. కనీసం ఉడుక్కుంటారనుకున్నాడు.

ఆయన ఒకటే అడిగారు. “ఎన్ని ముఖాలు చూపించావురా?”

“ఎవరు లెక్కపెట్టారండీ? చాలానే.”

“మొదట్లో కాదని ఎలా అంది?”

“టక్కున అంది.”

“చివర్లో అవునని?”

త్రినాథ్‌కి ఆమె చాలాసేపు ఆగడం, “అవుద్ది” అనడం గుర్తొచ్చాయి. కూర్మాచారి గారు నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఇంక ఆ సంగతి ఎత్తలేదు. తిట్టినా బావుండేదని త్రినాథ్‌కి అనిపించింది.

తరవాతి సంతరోజున గున్నమ్మ వచ్చింది. పటాన్ని తువ్వాలులో చుట్టి, చంకలో పిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చి, బల్ల మీద పెట్టింది.

“బావూ, ఈ పిల్లని ఎనక్కి తీసేసుకో.”

“ఏం, బాగోలేదా అమ్మా? మారుస్తాను, కూచో,” అని త్రినాథ్ ఫోను తీశాడు.

“వొద్దు, తియ్యకు!” గున్నమ్మ గభాలున చెయ్యి అడ్డం పెట్టింది. “ఇది బాగానే ఉంది. ఏ వంకా లేదు. అందరూ బాగుందన్నారు. నా పిల్లే పోయింది బావూ.”

త్రినాథ్‌కి అర్థం కాలేదు. కూర్మాచారి గారు కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు.

“ముప్పయ్యేళ్లుగా కళ్లు మూసుకుంటే నూకాలు వచ్చీది,” అంది గున్నమ్మ ఆయనతో. “సేపలకాడ కూకున్నా వచ్చీది. బస్సులో కునుకు పట్టినా వచ్చీది. నాను పిలవక్కర్నేదు, అదే వచ్చీది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఇది వస్తంది.” పటం వైపు చూపించింది. “ఇది కాకపోతే ఆ రోజు నువ్వు సూపించినవన్నీ వస్తన్నాయి. అందరూ ఆడపిల్లలే. అందరూ నన్ను సూసి నవ్వుతన్నారు. నాదేదో నాకు తెలడం నేదు.”

“ఫోనులోవన్నీ తీసేస్తానమ్మా. ఇప్పుడే తీసేస్తాను,” అన్నాడు త్రినాథ్. ఆ మాట ఎంత తెలివితక్కువదో అంటుండగానే తెలిసింది.

“నా బుర్రలోవి ఎలగ తీస్తావు?”

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది, దానికేదైనా ఉపాయం ఉందేమోనని. త్రినాథ్ తన కూతురు పుట్టిననాటి ముఖం గుర్తుచేసుకుందామని చూశాడు. ఫోనులో తీసిన ఫోటో వచ్చింది. దాని వెనకాల ఇంకేమీ లేదు.

కూర్మాచారి గారు ఒక కాగితం తీసుకున్నారు. పెన్సిలు పట్టుకుని, “పిల్లకి చెవులు కుట్టించారా తల్లీ?” అని మెల్లిగా అడిగారు.

“ఆ. చిన్న బుట్టలు ఉండీవి,” అంది గున్నమ్మ.

త్రినాథ్ బల్లమీది పటం చూశాడు. అందులో పిల్ల చెవులకి చిన్న వెండి బుట్టలున్నాయి. అవి తను పెట్టించినవి కావు, మిషను తనంతట తను పెట్టింది. గున్నమ్మ కూడా అటు చూసింది. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎండి బుట్టలు కొనే తాహతు మాకెక్కడిది బావూ,” అంది.

కూర్మాచారి గారు పెన్సిలు కింద పెట్టేశారు.

ఆమె పటం బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. తరవాత ఆయనే అన్నారు.

“కాగితం మీద గుడ్డ ఎందుకు కప్పుతానో ఎప్పుడైనా అడిగావురా?”

“లేదు మేష్టారూ.”

“అడగవలసింది.”

అంతకన్నా పెద్ద దెబ్బ త్రినాథ్ ఆ కొట్టులో తినలేదు.

“ఇప్పుడేం చెయ్యమంటారు?” అన్నాడు ఏడుపు గొంతుతో.

“రేపట్నించి వెళ్లి ఆమె దగ్గర కూర్చో. కాగితం వద్దు. ఫోను ఇక్కడ పెట్టేసి వెళ్లు. పిల్ల గురించి అడక్కు. నూకాలు అన్న పేరే ఎత్తకు.”

“మరేం చెయ్యను?”

“చేపలు తిరగెయ్యి.”

త్రినాథ్ వెళ్లాడు. ఇసకలో పరిచిన వలల మీద చేపలు ఎండుతుంటే ఒక పక్క ఎండాక రెండో పక్కకి తిరగెయ్యడం, కాకుల్ని తోలడం. చేతులు కంపు. ఇంటికెళితే పెళ్లాం దూరం జరిగేది. గున్నమ్మ మొదట అతనితో మాట్లాడలేదు. తరవాత కోడలి మీద చాడీలు చెప్పింది. ఐసు ధర గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, ఒడ్డుకి చేరని చేపల గురించి చెప్పింది. పిల్ల మాట లేదు. సాయంత్రం కొట్టుకొచ్చి, “ఏమీ లేదండీ,” అంటే కూర్మాచారి గారు తలూపేవారు. ఈ వెళ్లడం వల్ల ఒరిగేదేమీ లేదని, తనకిది శిక్ష అని త్రినాథ్ అనుకున్నాడు. శిక్షయినా న్యాయమే అనుకుని మర్నాడు మళ్లీ వెళ్లేవాడు.

ఒకరోజు ఎండిన చేపల్ని తట్టకెత్తారు. గున్నమ్మ తట్ట నెత్తిన పెట్టుకుంది, త్రినాథ్ గోనె భుజాన వేసుకుని ముందు నడిచాడు.

“నెమ్మదిగా నడూ,” అంది వెనకనుంచి గున్నమ్మ. “అదీ ఇంతే. నా కన్నా ముందు పోయీది.”

త్రినాథ్ వెనక్కి తిరగలేదు. అడుగు మాత్రం నెమ్మది చేశాడు.

“తట్ట నెత్తిన పెట్టుకుని నాను ఎనకాల, అది ముందర. దాని గౌను ఎనకాల బొత్తాం ఊడిపోయి ఉండీది. పెడతాను ఆగవే అంటే ఆగితేనా? ఒక జడ ఇప్పుకుపోయి ఉండీది, ఒకటి ఉండీది. ఎడంకాలు ఇలాగ ఇసక ఎగజిమ్ముకుంటా నడిసీది. ఆ ఇసకంతా నా కాళ్లమీదే పడీది.” ఆమె నవ్వింది. “సంతదాకా ఎనక్కి తిరిగి సూసీది కాదు, దొంగముండ.”

త్రినాథ్‌కి కన్నీళ్లు ఆగలేదు. ముందు నడుస్తున్నాడు గనక ఆమెకి కనపడలేదు.

కొట్టుకొచ్చి అదంతా ఆమె మాటల్లోనే కూర్మాచారి గారికి చెప్పాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“మిషనులో ఎప్పుడైనా వెనకనుంచి చూపించావా?”

“లేదు మేష్టారూ. అన్నీ ముఖాలే.”

“అయితే వీపు మిగిలింది,” అన్నారు.

తన పెన్సిలు తీసి అతని చేతిలో పెట్టారు. తన కుర్చీలోంచి లేచి, త్రినాథ్‌ని అందులో కూర్చోబెట్టి, తను స్టూలు మీద కూర్చున్నారు. గుడ్డ కూడా ఆయనే తీసి పక్కన పెట్టారు.

త్రినాథ్ పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఈ బొమ్మ కూడా మిషను వేసెయ్యగలదు. ఊడిన బొత్తాం, ఇప్పుకుపోయిన జడ, ఇసక, చెప్పిందల్లా వేసిపెడుతుంది. తనకన్నా బాగా వేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“అది ఒకటి అడిగితే నాలుగు ఇస్తుందిరా,” అన్నారు కూర్మాచారి గారు, అతను అడక్కుండానే. “ఆవిడ దగ్గర ఒకటే ఉంది.”

త్రినాథ్ ఆ బొమ్మ చాలా రోజులు వేశాడు. పగలు వెళ్లి చేపలు తిరగేశాడు, తిరిగొచ్చి గీశాడు. ఏ జడ ఇప్పుకుపోయిందో అడగలేదు, ఆమె చెప్పేదాకా ఆ చోటు ఖాళీగా వదిలాడు. ఆమె ఒకనాడు కోడల్ని తిడుతూ తిడుతూ ఆ మాట చెప్పింది. గౌను రంగు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అది వెయ్యలేదు. మెడ కింద రెండు రెక్కల ఎముకలు కొంచెం పొడుచుకొచ్చిన ఆ వీపు గీస్తుంటే, లేని పిల్లని చేత్తో తడుముతున్నట్టు అతనికి భయం వేసింది. కూర్మాచారి గారు ఒక్కసారి కూడా గుడ్డ ఎత్తి చూడలేదు.

చట్రం కట్టాక, “మీరూ రండి మేష్టారూ,” అని బతిమాలాడు.

“నువ్వే పట్టుకెళ్లు,” అన్నారు ఆయన.

గున్నమ్మ కొడుకు ఇంట్లో లేడు. కోడలు కాగితం విప్పి చూసి, “ఇదేటి, మొకం నేదు! గోడకి ఇలాటిది ఎవులైనా పెడతారేటి?” అంది. గున్నమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చింది. పటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆమె కాదంటే త్రినాథ్ దాన్ని చింపెయ్యాలి. చింపేస్తే ఇంక మిగిలేది లేదు.

ఆమె కాదనలేదు, అవుననీ అనలేదు. దగ్గరికొచ్చి పటం అందుకుంది. చూపుడువేలూ బొటనవేలూ కలిపి, అద్దం మీద, బొత్తాం ఊడిన చోట, గౌను రెండు అంచులూ దగ్గరికి లాగినట్టు లాగింది. అద్దం మీద వేళ్లు జారాయి. మళ్లీ లాగింది.

“నూకీ,” అంది.

త్రినాథ్‌కి, ఎన్నాళ్ల తరవాతో, గుండెల మీది బరువు దిగినట్టయింది. దక్కింది, వీపైనా దక్కింది అనుకున్నాడు.

గున్నమ్మ పటాన్ని రెండు చేతులా పట్టుకుని, కొంచెం దూరంగా పెట్టి చూసింది. కొంచెం వంచి, పక్కనుంచి చూసింది. ఆమె ముఖంలో ఆశ లాంటిది కదిలింది. త్రినాథ్ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, బజారులో పెద్దమనిషిని ఏదో చిన్న సాయం అడిగినట్టు అడిగింది.

“బావూ, ఒక్కసారి ఇటు తిరగమను.”